సీఎన్ఎస్ చెప్పమన్నారు, హ్యాకింగ్ వద్దన్నారు: మరి ఏం చెప్పాలి?

మేడమ్, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 4-1 (నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్) సీఎస్ఈ వాళ్లకి క్రిప్టోగ్రఫీ అండ్ నెట్‌వర్క్ సెక్యూరిటీ (సీఎన్ఎస్) మీకు వేశారు, మీరు ఎంటెక్‌లో చేసింది డేటా మైనింగ్. మొదటి క్లాసులోనే పిల్లలు "ఎథికల్ హ్యాకింగ్ చెప్తారా మేడమ్" అని మొదలెట్టారు. హెచ్ఓడీ గారేమో "అవన్నీ మనకెందుకమ్మా, రేపు ఎవడో ఏదో చేస్తే కాలేజీ మీదికొస్తుంది" అన్నారు. ల్యాబ్‌లో ఉన్నవన్నీ పాత సిస్టమ్‌లు. సిలబస్‌తో సరిపెట్టాలా, ఇంకేమైనా చెయ్యాలా, చేస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను కంపెనీల్లో వెబ్ అప్లికేషన్ల సెక్యూరిటీ టెస్టింగ్ చేసి తర్వాత టీచింగ్‌లోకి వచ్చినవాణ్ని. నా సలహా ఒక్కటే: పిల్లలు రాసిన కోడ్‌ని పిల్లల చేతే పగలగొట్టించండి, మళ్లీ వాళ్ల చేతే బాగుచేయించండి. వేరేవాళ్ల వెబ్‌సైట్ జోలికి వెళ్లొద్దు, హ్యాకింగ్ టూల్స్‌తో వచ్చే కాలీ లైనక్స్ వేసి టూల్స్ జాబితా చదివించొద్దు. ఇలా చేస్తే హెచ్ఓడీ గారి భయం చాలావరకు తీరిపోతుంది, ల్యాబ్ సరిపోతుంది, "నేను సెక్యూరిటీ చదవలేదే" అన్న మీ టెన్షన్ కూడా తగ్గుతుంది. ఎందుకంటే మీకు కావలసింది సీ భాష, డీబీఎంఎస్ (డేటాబేస్), కొంచెం వెబ్ టెక్నాలజీస్. అవి మీకు వచ్చినవే.

ఒకటి చేసి చూపిస్తాను. ఫస్టియర్ సీ ల్యాబ్‌లో అందరూ రాసిన స్టూడెంట్ రికార్డ్ ప్రోగ్రామే తీసుకోండి. ఒక స్ట్రక్చర్ (సంబంధమున్న విలువల్ని పక్కపక్కన ఉంచేది), అందులో పేరుకి 8 అక్షరాల క్యారెక్టర్ ఎర్రే (అక్షరాల వరస), దాని కిందే మార్కులకి ఒక ఇంటీజర్. స్ట్రక్చర్‌ని గ్లోబల్‌గా పెట్టండి. మార్కుల్లో ముందే 35 వేసి ఉంచండి. తర్వాత పేరుని కీబోర్డు నుంచి చదివే స్కాన్ఎఫ్‌తో, పర్సెంట్ ఎస్ పెట్టి, మనం ఎప్పుడూ రాయించినట్టే చదివించండి. ఇప్పుడు ఒకణ్ని పిలిచి పేరు దగ్గర ఏవైనా 8 ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, తొమ్మిదోది చిన్న 'డి' కొట్టమనండి. మార్కులు ప్రింట్ చేస్తే 100 వస్తుంది. 35 వచ్చినవాడికి 100! క్లాసంతా ఒక్కసారి లేచి స్క్రీన్ దగ్గరికి వస్తుంది, చూస్తూ ఉండండి.

ఎందుకు వచ్చిందో వాళ్లనే కనుక్కోమనండి, మీరు చెప్పొద్దు. చిన్న డి ఆస్కీ విలువ, అంటే కంప్యూటర్‌లో ఆ అక్షరానికి ఉన్న నంబర్, 100. ఎర్రేలో చోటు 8 బైట్లే, తొమ్మిదో బైటు పక్కనున్న మార్కుల మొదటి బైటులో పడింది. స్ట్రింగ్ చివర వచ్చే సున్నా దాని పక్క బైటులో పడింది. మన మెషీన్లు చిన్న స్థానపు బైటుని ముందు పెట్టుకుంటాయి కాబట్టి మొత్తం కలిపి చదివితే 100 అయింది. 8 అక్షరాల తర్వాత నాలుగు పెద్ద 'ఏ'లు కొట్టిస్తే 1094795585 వస్తుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో హెక్సాలోకి (16 ఆధారంగా రాసే అంకెల్లోకి) మార్చి చూడమంటే 'ఏ' విలువైన 41 నాలుగుసార్లు కనబడుతుంది. దీనికి వర్చువల్ మెషీన్ అక్కర్లేదు, కంపైలర్ రక్షణలు ఆపాల్సిన పని లేదు. మీ దగ్గర ఇంకా పాత కంపైలర్ టర్బో సీ ఉంటే (ఉంటే అది వేరే బాధ) అక్కడ కూడా 100 వస్తుంది.

ఇది చూశాక బఫర్ ఓవర్‌ఫ్లో (ఇచ్చిన చోటు దాటి పక్కకి పొంగడం) అన్న మాట చెప్పండి, అంతకుముందు వద్దు. ఆ వెంటనే మోరిస్ వర్మ్ కథ చెప్పండి. 1988 నవంబర్ 2న కార్నెల్ యూనివర్సిటీలో చదువుకుంటున్న రాబర్ట్ టప్పన్ మోరిస్ వదిలిన ప్రోగ్రామ్ అప్పటి ఇంటర్నెట్‌లో వేల మెషీన్లలోకి పాకింది. అది వాడుకున్న దారుల్లో ఒకటి యూజర్ల వివరాలు చెప్పే ఫింగర్ సర్వర్‌లోని గెట్స్ ఫంక్షన్. 512 బైట్ల బఫర్, ఎంత వస్తుందో చూడకుండా చదివేసే గెట్స్. అంటే మన పిల్లవాడి పేరు పెట్టెలో జరిగిందే అక్కడా జరిగింది. ఆ గెట్స్‌ని సీ భాష ప్రమాణం నుంచి 2011లో పూర్తిగా తీసేశారు, కానీ మన ల్యాబ్ రికార్డుల్లో మాత్రం ఇంకా బతికే ఉంది. రికార్డు దిద్దేటప్పుడు ఒకసారి గమనించండి.

తర్వాత బాగుచేయించడం. అసలు చదువు ఇక్కడే ఉంది. పగలగొట్టడం పదిమందిలో తొమ్మిదిమందికి వచ్చేస్తుంది. బాగుచేయమంటే ఎర్రే సైజుని 8 నుంచి 100కి పెంచేసి "అయిపోయింది మేడమ్" అంటారు. వెంటనే 101వ అక్షరం కొట్టి చూపించండి. కొంతమంది చదివేశాక పొడవు లెక్కపెట్టి ఎర్రర్ ఇస్తారు, అప్పటికే పక్క బైట్లు పాడైపోయి ఉంటాయి. చదివేటప్పుడే 7 దాటకుండా స్కాన్ఎఫ్‌లో హద్దు పెట్టాలనో, హద్దు చూసి చదివే ఎఫ్‌గెట్స్ వాడాలనో వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగండి. ఒక పీరియడ్ పోతే పోనీ.

ఇక డీబీఎంఎస్. థర్డ్ ఇయర్‌లో చేసిన మినీ ప్రాజెక్టులు మీ డిపార్ట్‌మెంట్‌లోనే సీడీల్లోనో డ్రైవ్‌లోనో పడి ఉంటాయి. లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్టల్ మేనేజ్‌మెంట్, బస్ పాస్. మీ క్లాసువాళ్లవే తీసుకోండి, సీనియర్లవి వద్దు, ఎవరి కోడ్ వాళ్లకే ఇవ్వండి. లాగిన్ పేజీలో యూజర్ నేమ్ దగ్గర ఒకే ఒక్క సింగిల్ కోట్ కొట్టమనండి. డేటాబేస్ ఎర్రర్ స్క్రీన్ మీద పడిందంటే, కొట్టింది డేటాబేస్‌కి పంపే ప్రశ్నలో (క్వెరీలో) భాగంగా చేరిపోతోందన్నమాట, దీన్నే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు; ఇంక మిగతా కథ నడిపించొచ్చు. కోట్, ఆ తర్వాత ఆర్ 1 = 1 (ఎప్పుడూ నిజమే), ఆ తర్వాత రెండు డాష్‌లు (మిగతా క్వెరీని కామెంట్‌గా వదిలేయించడానికి). మైఎస్‌క్యూఎల్ అయితే రెండు డాష్‌ల తర్వాత ఒక ఖాళీ కూడా ఉండాలి, లేకపోతే కామెంట్‌గా తీసుకోదు. సగం క్లాసు ఇక్కడే ఇరుక్కుని "నాకు రావట్లేదు, నా ప్రాజెక్ట్ సేఫ్ మేడమ్" అంటుంది. ఆ ఖాళీ గురించి వెంటనే చెప్పకండి. "దాడి పని చెయ్యలేదు" వేరు, "రక్షణ ఉంది" వేరు, అది వాళ్లకి ఈ ఒక్క ఖాళీ నేర్పినంత బాగా ఇంకేదీ నేర్పదు.

బాగుచేసేటప్పుడు ఏం చేస్తారో ముందే చెప్తాను, సిద్ధంగా ఉండండి. మొదటి బ్యాచ్ జావాస్క్రిప్ట్‌లో చెక్ పెడుతుంది. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి ఆ చెక్ తీసేసి చూపించండి. రెండో బ్యాచ్ సర్వర్‌లో సింగిల్ కోట్ ఎక్కడున్నా తీసేస్తుంది. అప్పుడు పుస్తకం నంబర్ లాంటి అంకెల ఫీల్డ్‌లో కోట్ అవసరమే లేకుండా ఆర్ 1 = 1 పెట్టి చూపించండి. మూడో బ్యాచ్ తెలివైనది, నెట్‌లో చూసి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అని రాస్తుంది, కానీ ఆ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ లోపల మళ్లీ ప్లస్ పెట్టి యూజర్ ఇచ్చింది అతికిస్తుంది! పేరు మారింది, రోగం అలాగే ఉంది. కంపెనీల్లో చేసే కోడ్ రివ్యూల్లో కూడా నేను ఇది చూశాను, కాబట్టి పిల్లల్ని చూసి నవ్వకండి. ప్రశ్న గుర్తులు పెట్టి విలువల్ని విడిగా పంపించడం ఎందుకు పని చేస్తుందో, అంటే క్వెరీ ఆకారం ముందే ఖాయమైపోయి తర్వాత వచ్చింది ఏదైనా ఒట్టి డేటాగానే చూడబడుతుందని, అది బోర్డు మీద గీసి చెప్పండి.

ఇదే ప్రాజెక్టులో ఇంకోటి ఉంటుంది, ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ కంటే అదే ఎక్కువ కనబడుతుంది. లాగిన్ అయ్యాక అడ్రస్ బార్‌లో రోల్ నంబర్ ఉంటుంది. మన రోల్ నంబర్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా: చేరిన సంవత్సరం రెండంకెలు, కాలేజీ కోడ్, 1ఏ, సీఎస్ఈకి 05, చివర సీరియల్. లాటరల్ ఎంట్రీ అయితే 1ఏ బదులు 5ఏ. అంటే ఒక్కటి తెలిస్తే క్లాసు మొత్తం నంబర్లు కాగితం మీద రాసెయ్యొచ్చు. చివరి రెండంకెలు మార్చి ఎంటర్ కొట్టమనండి. పక్కవాడి హాస్టల్ ఫీజు బాకీ, ఫోన్ నంబర్, ఇంటి అడ్రసు వచ్చేస్తాయి. వెబ్ అప్లికేషన్ల ప్రమాదాల జాబితా ప్రచురించే ఒవాస్ప్ సంస్థ 2017లో ఈ తరహా లోపానికి అయిదో స్థానం ఇచ్చింది, 2021 జాబితాలో మొదటి స్థానానికి తెచ్చింది. దీన్ని మన సిలబస్‌లో వెతికితే దొరకదు. ఎందుకంటే ఇందులో గణితం లేదు, అల్గారిథమ్ లేదు, "లాగిన్ అయినవాడు వీడే, మరి అడుగుతున్న రికార్డు వీడిదేనా" అని సర్వర్ ఒక ప్రశ్న వేసుకోకపోవడమే ఉంది. పిల్లలు రోల్ నంబర్‌ని బేస్ 64లో (ఎవరైనా వెనక్కి మార్చగల రాత) పెట్టి దాచేస్తారు. దాన్ని విప్పి చూపించడానికి మీకు అర నిమిషం చాలు.

సరే, క్రిప్టోగ్రఫీ సంగతి. యూనివర్సిటీ పేపర్ వస్తుంది, డీఈఎస్ ని పటం సహాయంతో వివరింపుము అని అడుగుతుంది, చెప్పక తప్పదు. చెప్పండి, కానీ దాని మీదే మూడు వారాలు కూర్చోకండి. డీఈఎస్ పాత ఎన్‌క్రిప్షన్ ప్రమాణం, దాని కీ 56 బిట్లు, 1998 జులైలో డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్లు రెండున్నర లక్షల డాలర్ల లోపు ఖర్చుతో కట్టిన మెషీన్ ఒక కీని 56 గంటల్లో పట్టేసింది. ఆ తర్వాత 2001లో దాని స్థానంలో ఏఈఎస్ ప్రమాణం అయింది. ఈ రెండు ముక్కలు చెప్తే పిల్లలకి కీ పొడవు ఎందుకో అర్థమవుతుంది, డీఈఎస్ లోపలి ఎస్ బాక్సులు పరీక్ష ముందు రోజు వాళ్లే చూసుకుంటారు.

దానికి బదులు చేయించాల్సింది ఒకటుంది. ఒక బీఎంపీ బొమ్మ తీసుకోండి, పెద్ద పెద్ద ఒకే రంగు భాగాలున్నది, మీ కాలేజీ లోగో అయితే ఇంకా మంచిది. ఓపెన్ఎస్ఎస్ఎల్ టూల్‌తో ఏఈఎస్‌లోనే, ఈసీబీ మోడ్‌లో (ప్రతి ముక్కనీ విడిగా, ఒకేలా మార్చేది) ఎన్‌క్రిప్ట్ చేయించి, మొదటి 54 బైట్ల హెడర్ మాత్రం పాత ఫైల్ నుంచి తెచ్చి అతికించి తెరవమనండి. లోగో రంగులు మారి కనబడుతుంది, చదవొచ్చు కూడా! అదే సీబీసీ మోడ్‌లో (ప్రతి ముక్కనీ ముందు ముక్కతో కలిపి మార్చేది) చేస్తే ఒట్టి గజిబిజి. ఏఈఎస్ బలమైనదే, కీ పెద్దదే, అయినా వాడిన తీరు తప్పైతే పని జరగలేదు. అల్గారిథమ్‌లు ఎవరూ సొంతంగా రాసుకోరు, వాడుకుంటారు. వాడటంలోనే పొరపాట్లు జరుగుతాయి. ఆర్ఎస్ఏ (పబ్లిక్ కీ పద్ధతి) లెక్కలు చిన్న ప్రైమ్ నంబర్లతో చేయించడం మంచిదే, కానీ అది అలాగే ప్యాడింగ్ (సందేశానికి కలిపే అదనపు బైట్లు) లేకుండా బయట ఎవరూ వాడరని చెప్పకపోతే ఎవడో ఒకడు ప్రాజెక్టులో అదే రాసుకొస్తాడు.

పాస్‌వర్డ్‌ల విషయం కూడా అంతే. మీ పిల్లల ప్రాజెక్టుల్లో పాస్‌వర్డ్ టేబుల్లో ఉన్నది ఉన్నట్టు ఉంటుంది, లేదా ఎండీ5 అనే పాత హ్యాష్ (పాస్‌వర్డ్ నుంచి తీసిన ముద్ర) చేసి ఉంటుంది. లింక్డ్ఇన్‌లో 2012లో బయటపడ్డ 65 లక్షల పాస్‌వర్డ్ హ్యాష్‌లు సాల్ట్ (ప్రతి పాస్‌వర్డ్‌కి కలిపే వేర్వేరు అదనపు అక్షరాలు) లేకుండా షా-1 అనే హ్యాష్‌లో ఉన్నవే, అందుకే అంత త్వరగా విప్పేశారు. పాస్‌వర్డ్‌ల కోసమే చేసిన, కావాలనే నెమ్మదిగా నడిచే బీక్రిప్ట్ 1999 నుంచీ ఉంది. ఒక్క లైబ్రరీ కాల్. దీనికి ఒక ల్యాబ్ సెషన్ ఇవ్వండి, పిల్లల నిజమైన పాస్‌వర్డ్‌లు మాత్రం ఎక్కడా వాడనివ్వకండి, ఉత్తుత్తివి పెట్టించండి.

ఇప్పుడు మీ హెచ్ఓడీ గారి ప్రశ్న. దాడి నేర్పితే పాడైపోతారా? ఈ గొడవ మన దగ్గరే కాదు, కెనడాలో కాల్గరీ యూనివర్సిటీ 2003లో వైరస్‌లు రాయించే కోర్సు పెడితే యాంటీవైరస్ కంపెనీలు పెద్ద గోల చేశాయి. వాళ్లు బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేని ల్యాబ్ పెట్టుకుని కోర్సు నడిపారు. నా అభిప్రాయం అడిగితే, బీటెక్‌లో వైరస్‌లు రాయించక్కర్లేదు. అవసరం కంటే ఆర్భాటం ఎక్కువ. కానీ దాడి ఎలా జరుగుతుందో చూడకుండా రక్షణ నేర్చుకోవడం కుదరదు, నీళ్లలో దిగకుండా ఈత నేర్పినట్టే. యూట్యూబ్‌లో వాళ్లకి దొరకనిది ఏదీ మనం కొత్తగా చెప్పబోవడం లేదు. అక్కడ దొరకనిది హద్దు. అది క్లాసులో చెప్పాలి.

హద్దు ఏమిటో మొదటి రోజే సూటిగా చెప్పండి. ఐటీ చట్టం 2000లో 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లడం, డేటా తీసుకోవడం లాంటివి చెప్తుంది. అదే పని దురుద్దేశంతోనో మోసంతోనో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. "ఊరికే చూశాను సార్" అన్నది అనుమతి కాదు. వాట్సాప్ హ్యాక్ చెయ్యడం చెప్పండి, ఫ్రెండ్ ఇన్‌స్టా పాస్‌వర్డ్ కావాలి అని అడిగేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు, వాళ్లని అందరి ముందు తిట్టకుండా ఈ సెక్షన్ నంబర్ చెప్పి వదిలెయ్యండి చాలు.

చట్టం దాకా వెళ్లని తప్పు కూడా ఉంటుందని చెప్పడానికి మిన్నెసోటా యూనివర్సిటీ సంగతి వాడండి. అక్కడి పరిశోధకులు లైనక్స్ కెర్నెల్‌కి (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూల కోడ్‌కి) కావాలని లోపాలున్న ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పంపి, చూసేవాళ్లు పట్టుకుంటారో లేదో పరీక్షించారు. చూసేవాళ్లకి ముందు చెప్పలేదు. 2021 ఏప్రిల్‌లో కెర్నెల్ నిర్వాహకుల్లో ఒకరైన గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ ఆ యూనివర్సిటీ నుంచి వచ్చే ప్యాచ్‌లేవీ తీసుకోబోమని ప్రకటించారు, ఆ పేపర్‌ని రచయితలు వెనక్కి తీసుకున్నారు. వాళ్లు దొంగలు కాదు, పరిశోధకులు. అనుమతి అడగలేదు, అంతే. దీని మీద క్లాసులో చర్చ పెడితే ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడతారు.

మార్కుల సంగతి చాలామంది పట్టించుకోరు, నాకైతే అదే అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. ఎండ్ ఎగ్జామ్ మన చేతిలో లేదు, మిడ్ మనదే, ల్యాబ్ ఇంటర్నల్స్ మనవే. పగలగొట్టినందుకు తక్కువ, బాగుచేసినందుకు దానికి రెట్టింపు, ఏం జరిగిందో ఒక పేజీ రాసినందుకు మిగతావి ఇవ్వండి. ఆ పేజీలో లోపం ఎక్కడ, ఎలా మళ్లీ చూడొచ్చు, ఎవరికి ఏం నష్టం, ఎలా సరిచేశాం అన్నవి ఉండాలి, స్క్రీన్‌షాట్లు నింపితే కుదరదు. ఉద్యోగంలో ఈ రాతే తిండి పెడుతుంది, లోపం కనిపెట్టి రిపోర్ట్ రాయలేనివాణ్ని ఎవరూ రెండో ప్రాజెక్టుకి పిలవరు. మిడ్‌లో అయితే పదిహేను లైన్ల కోడ్ ఇచ్చి "ఇందులో తప్పేంటి" అని ఒక్క ప్రశ్న పెట్టండి. బట్టీ పట్టినవాళ్లు నిరసన తెలుపుతారు, తెలపనివ్వండి.

మీరు చదువుకోవడానికి, ల్యాబ్ ముందుకు తీసుకెళ్లడానికి డబ్బు పెట్టక్కర్లేదు. సిరక్యూస్ యూనివర్సిటీలో వెన్‌లియాంగ్ డూ గారు 2002లో మొదలుపెట్టిన సీడ్ ల్యాబ్స్ అనే సెక్యూరిటీ ప్రయోగాలు ఉన్నాయి, ఉచితం. వర్చువల్ మెషీన్ ఒకసారి దించుకుని పెన్‌డ్రైవ్‌లో అన్ని సిస్టమ్‌లకీ ఎక్కించుకోవచ్చు. పైన చెప్పిన బీఎంపీ బొమ్మ ప్రయోగం కూడా అందులో ఉన్న తరహాదే. అందులో ఉన్నవన్నీ ఒకే సెమిస్టర్‌లో చేద్దామని మాత్రం దిగకండి, మూడో నాలుగో చాలు. వెనుక సిద్ధాంతం కోసం ఐఐటీ మద్రాస్ చెస్టర్ రెబైరో గారి సెక్యూర్ సిస్టమ్స్ ఇంజినీరింగ్ కోర్సు ఎన్‌పీటెల్‌లో ఉంది, మీరు ఒక వారం ముందుండి చూసుకుంటూ వెళ్లొచ్చు. వెబ్ కోసం పోర్ట్‌స్విగర్ అకాడమీ. ఉత్సాహం ఎక్కువున్న పిల్లల్ని కార్నెగీ మెలన్ వాళ్ల హ్యాకింగ్ పోటీ పికోసీటీఎఫ్ వైపు తిప్పండి. మన దేశంలో అమృత యూనివర్సిటీ విద్యార్థుల సెక్యూరిటీ పోటీల టీమ్ బయోస్ ఏం చేస్తోందో చూపించండి, అదీ కాలేజీ పిల్లలు పోగై కట్టుకున్నదే. ఖరీదైన సర్టిఫికెట్ చేసొస్తేగానీ చెప్పలేనని మాత్రం అనుకోకండి.

ఒక విషయం మీ డిపార్ట్‌మెంట్ మీటింగులో ఎత్తండి. కంప్యూటర్, ఇంజినీరింగ్ నిపుణుల సంఘాలైన ఏసీఎం, ఐఈఈఈ కలిసి 2013లో తెచ్చిన సీఎస్ కరిక్యులమ్ మార్గదర్శకాల్లో సెక్యూరిటీకి విడిగా ఇచ్చిన కోర్ గంటలు 9 మాత్రమే. మిగతా సబ్జెక్టుల్లోకి, అంటే ఓఎస్, నెట్‌వర్క్స్, ప్రోగ్రామింగ్, డేటాబేస్ లాంటి వాటిల్లోకి పంచినవి 60కి పైనే. మనం చేస్తున్నది దీనికి సరిగ్గా తలకిందులు: మూడేళ్లు గెట్స్ రాయించి, క్వెరీలు అతికించడం నేర్పించి, 4-1లో ఒక సబ్జెక్టు పెట్టి "సెక్యూరిటీ" అంటున్నాం. ఇప్పుడు సైబర్ సెక్యూరిటీ పేరుతో బ్రాంచే వచ్చింది, అయినా మామూలు సీఎస్ఈ పిల్లవాడు రాసే కోడ్ మారకపోతే ఆ బ్రాంచివాళ్లకి చేతినిండా పని తప్ప ఇంకేం లాభం. ఫస్టియర్ సీ చెప్పే మేడమ్‌తో మాట్లాడి స్కాన్ఎఫ్ దగ్గర ఒక పీరియడ్, డీబీఎంఎస్ ల్యాబ్ సార్‌తో మాట్లాడి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ ఒక్క ఎక్స్‌పెరిమెంట్ పెట్టించగలిగితే మీరు సెమిస్టరంతా చెప్పినదానికంటే ఎక్కువ జరుగుతుంది. సీఓ పీఓ మ్యాపింగ్‌లో (కోర్సు ఫలితాల్ని ప్రోగ్రామ్ ఫలితాలతో జతచేసే పట్టికలో) కూడా బాగా కనబడుతుంది, ఆ మాట హెచ్ఓడీ గారి దగ్గర తప్పకుండా అనండి.

ఇంకో సంగతి తప్పకుండా ఎదురవుతుంది కాబట్టి చెప్తున్నా. రోల్ నంబర్ ఎక్సర్‌సైజ్ అయిన వారం లోపల ఎవడో ఒకడు మీ కాలేజీ పోర్టల్ మీద అదే ప్రయత్నించి, పని చేసిందని మీ దగ్గరికొస్తాడు. భయపడుతూ వస్తాడు. వాణ్ని అక్కడితో ఆపమనండి, ఇంకొకరి రికార్డు తెరవొద్దు, స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టొద్దు, ఏ పేజీలో ఏం చేస్తే ఏం వచ్చిందో ఒక కాగితం మీద రాసి ఇమ్మనండి. ఆ కాగితం మీరు తీసుకెళ్లండి, వాణ్ని పంపకండి. అందుకే సెమిస్టర్ మొదట్లోనే ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఒక పేజీ తెచ్చి పెట్టుకోండి: ఏ ల్యాబ్, ఏ సిస్టమ్‌లు, నెట్ కనెక్షన్ తీసేసి, విద్యార్థుల సొంత ప్రాజెక్టుల మీద మాత్రమే అని. కాలేజీ సిస్టమ్‌లలో లోపం ఎవరికైనా కనబడితే ఎవరికి చెప్పాలో ఒక పేరు, ఒక ఈమెయిల్ అందులోనే రాయించండి. బయటి సైట్ అయితే ఆ సంస్థకి రాయాలి, వాళ్లు పట్టించుకోకపోతే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి రిపోర్ట్ చెయ్యొచ్చు. ఆ పేజీ ల్యాబ్ తలుపు మీద అంటించండి, ఇంకో కాపీ హెచ్ఓడీ గారికి ఇవ్వండి. ఆయనకి కావలసింది ముందు ఆ సంతకమే.